ఒక్క బైటు గీసిన సరిహద్దు

అమెరికాలో డబ్బు పెట్టి కొన్న హాలీవుడ్ సినిమా డీవీడీ ఒకటి సూట్‌కేసులో హైదరాబాద్ చేరుతుంది. ఇంట్లోవాళ్లు సీలు విప్పి, కంప్యూటర్ ట్రేలో పెట్టి లోపలికి తోస్తారు. డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, డ్రైవు మీది చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది. కాసేపటికి సినిమాకు బదులు ఒక హెచ్చరిక వస్తుంది: డిస్కు ప్రాంతం, డ్రైవు ప్రాంతం కలవడం లేదని. అదే డ్రైవులో తెలుగు సినిమా డీవీడీ పెడితే ఏ పేచీ లేకుండా ఆడుతుంది. దాంతో డిస్కు పాడైందని కొందరు, కంప్యూటర్ పాతదైపోయిందని ఇంకొందరు, అమెరికా టీవీ పద్ధతి వేరు కాబట్టి మన దగ్గర ఆడదని మరికొందరు తీర్మానించేస్తారు.

ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. డిస్కు నిక్షేపంగా ఉంది. దాన్ని చదివే శక్తి డ్రైవుకూ ఉంది. అయితే పరాయి ప్రాంతపు డిస్కు వస్తే ఒప్పుకోవద్దని ఆ డ్రైవుకు ఫ్యాక్టరీలోనే నేర్పి పంపారు. ఆ నిషేధం డిస్కులో ఎక్కడ రాసి ఉంది, డ్రైవు దాన్ని ఎలా అమలు చేస్తుంది, ఎవరి లాభం కోసం ఈ ఏర్పాటు జరిగింది అన్నవి తెలిస్తే, బాగున్న డిస్కును పక్కన పడేయం. తొందరపాటుతో డ్రైవును శాశ్వతంగా ఒకే ప్రాంతానికి కట్టిపడేసుకోం కూడా.

అన్ని దేశాల్లోనూ అదే అచ్చు

డీవీడీ వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఆ మందంలో 0.6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలకలు రెండు ఒకదానికొకటి అతికి ఉంటాయి. సమాచారమంతా లోపలి అంచు నుంచి బయటికి చుట్లు చుట్లుగా సాగే ఒకే ఒక్క బాట మీద సన్నని గుంటల రూపంలో అచ్చవుతుంది. అన్నిటికంటే చిన్న గుంట పొడవు 0.4 మైక్రాన్లు. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లు. సీడీలో ఈ దూరం 1.6 మైక్రాన్లు ఉండేది. సీడీని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లయితే, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని లేజర్ వాడతారు. కాంతి తరంగం పొట్టిదైన కొద్దీ దాన్ని మరింత చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. అందుకే సీడీ పరిమాణంలోనే ఉన్న డీవీడీలో ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరలైతే 8.5 గిగాబైట్లు పడతాయి.

లేజర్ చదును భాగం మీద పడినప్పుడు కాంతి బలంగా వెనక్కి వస్తుంది. గుంట మీద పడినప్పుడు గుంటలోంచి వచ్చే కాంతీ, దాని చుట్టూ ఉన్న భాగం నుంచి వచ్చే కాంతీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే ఒకట్లూ సున్నాలూ అవుతాయి. న్యూయార్క్‌లో అమ్మే డిస్కుకూ, టోక్యోలో అమ్మే డిస్కుకూ, విజయవాడలో అమ్మే డిస్కుకూ ఈ విషయంలో వీసమెత్తు తేడా లేదు. గుంటల కొలత అదే, లేజర్ రంగు అదే, ఫైళ్లను అమర్చే పద్ధతీ అదే.

దేశాల మధ్య నిజంగా ఉన్న తేడా టీవీ పద్ధతిలోనిది. అమెరికా, జపాన్ వంటి దేశాల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి తగ్గ డిస్కులో చిత్రం 720 x 480 చుక్కలతో, సెకనుకు 29.97 ఫ్రేముల చొప్పున ఉంటుంది. మన దేశంలోనూ యూరప్‌లో చాలాచోట్లా వాడిన పాల్ పద్ధతిలో 720 x 576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. పాత టీవీ పెట్టెలు వీటిలో ఏదో ఒకదానికే తయారయ్యేవి కాబట్టి రెండో రకం సిగ్నల్ వస్తే బొమ్మ దొర్లిపోయేది, లేదా రంగు పోయేది. కంప్యూటర్‌కు ఈ బాధ లేదు. డిస్కులో ఉన్నది ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన వీడియో ఫైలు. ఏ కొలతలో ఉన్నా కంప్యూటర్ దాన్ని విప్పి మానిటర్‌కు తగినట్టు సాగదీసి చూపిస్తుంది.

ఈ తేడా సినిమా నిడివిలో కూడా కనిపిస్తుంది. సినిమా ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. పాల్ డిస్కు చేసేటప్పుడు దాన్ని సాధారణంగా సెకనుకు 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తారు. అంటే సినిమా నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది. రెండు గంటల నలభై నిమిషాల సినిమా ఆరు నిమిషాలకు పైగా ముందే అయిపోతుంది. ధ్వనిని విడిగా సరిచేయకపోతే గొంతులూ కాస్త పై శ్రుతిలో వినిపిస్తాయి. ఎన్‌టీఎస్‌సీలో మాత్రం ఫ్రేములను రెండుసార్లు ఒకటి, మూడుసార్లు ఒకటి చొప్పున చూపించి లెక్క సరిచేస్తారు కాబట్టి నిడివి మారదు. కవరు మీద రాసిన నిడివి కంటే సినిమా పొట్టిగా ఉందంటే ఎవరో కత్తిరించారని అనుకోనక్కర్లేదు. కారణం చాలాసార్లు ఇదే.

ప్రపంచం ఎనిమిది ముక్కలు

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ రోజుల్లో సినిమా అంటే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ప్రింట్లు. ఒక్కో ప్రింటుకు బోలెడు ఖర్చు. అమెరికాలో వేసవికి విడుదలైన హాలీవుడ్ సినిమా ఇతర దేశాల థియేటర్లకు చేరేసరికి నెలలు పట్టేది. ఈలోపు అమెరికాలో డీవీడీ వచ్చేస్తే, దాన్ని తెప్పించుకుని చూసినవాళ్లు తమ ఊరి థియేటర్‌కు రారని స్టూడియోల భయం. పైగా ఒక్కో దేశంలో హక్కులు ఒక్కో పంపిణీదారు చేతిలో ఉండేవి.

దీనికి ధర కూడా తోడైంది. ఒకే సినిమాకు ఒక్కో దేశంలో ఎవరి కొనుగోలు శక్తిని బట్టి వారికి ధర పెట్టాలంటే, చవకగా అమ్మిన చోటి సరుకు ఖరీదుగా అమ్మే చోటికి చేరకూడదు. మన దగ్గర 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ అసలైన సినిమా డీవీడీలను 34 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాలో ఒక కొత్త డీవీడీకి పెట్టే ధరతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. ఇంత వ్యత్యాసం ఉన్న ప్రపంచంలో ఒకే డిస్కు అన్నిచోట్లా ఆడితే తమ ధరల పట్టిక నిలవదని స్టూడియోలు లెక్క వేసుకున్నాయి. డీవీడీ ప్రమాణాలు ఖరారయ్యేటప్పుడే ప్రాంతాల విభజన ఉండాలని పట్టుబట్టి సాధించుకున్నాయి.

అలా 1వ ప్రాంతంలో అమెరికా, కెనడా చేరాయి. యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలు, దక్షిణాఫ్రికా 2వ ప్రాంతం. సింగపూర్, మలేసియా వంటి ఆగ్నేయాసియా దేశాలు, దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్ 3. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, లాటిన్ అమెరికా 4. భారతదేశం, పాకిస్థాన్, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం 5. చైనా 6. ఏడో నంబరును విడిగా అట్టేపెట్టుకున్నారు. ఎనిమిదో నంబరు విమానాలు, ఓడల వంటి చోట్లకు. దుబాయ్‌లో కొన్న డిస్కూ లండన్‌లో కొన్న డిస్కూ ఒకే ప్రాంతానివి. దుబాయ్‌లో కొన్నదీ ముంబయిలో కొన్నదీ మాత్రం వేర్వేరు ప్రాంతాలవి.

ఈ గీతలు ఎంత పెద్దవారినైనా లెక్కచేయవని 2009 మార్చిలో లోకమంతటికీ తెలిసింది. అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా తనను కలవడానికి వచ్చిన బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌కు 25 మేటి అమెరికన్ సినిమాల డీవీడీలను బహూకరించారు. అవి 1వ ప్రాంతానివనీ, బ్రిటన్‌లోని ప్లేయర్లో ఆడలేదనీ అక్కడి పత్రికలు రాశాయి.

తెలుగు సినిమా డీవీడీలకు ఈ గొడవ దాదాపు లేదు. మన ప్రేక్షకులు అమెరికా, గల్ఫ్, సింగపూర్, ఆస్ట్రేలియా అంటూ అన్ని ప్రాంతాల్లోనూ చెదిరి ఉన్నారు. అందుకే విదేశాలకు వెళ్లే భారతీయ సినిమా డిస్కులను చాలావరకు ఎన్‌టీఎస్‌సీలో, ఏ ప్రాంతపు నిషేధమూ లేకుండా అచ్చువేశారు. డాలస్‌లో కొన్న తెలుగు డిస్కు గుంటూరులో ఆడుతుంది. ఆ పక్క అరలోనే కొన్న హాలీవుడ్ డిస్కు ఆడదు.

నిషేధం రాసి ఉన్న చోటు

ఇంత పెద్ద విభజనకు డిస్కులో పట్టిన చోటు ఒకే ఒక్క బైటు. బైటు అంటే ఎనిమిది బిట్లు. గోడ మీద వరుసగా ఎనిమిది స్విచ్‌లున్న బోర్డును ఊహించుకోండి. కుడి చివరిది 1వ ప్రాంతానిది, దాని ఎడమన ఉన్నది 2వ ప్రాంతానిది, అలా ఎనిమిది వరకు. స్విచ్ వేసి ఉంటే, అంటే బిట్ 1 అయితే, ఆ ప్రాంతంలో నిషేధం. తీసి ఉంటే, అంటే 0 అయితే, అనుమతి.

అమెరికాలో మాత్రమే ఆడాల్సిన డిస్కులో ఈ బైటు 11111110 అని ఉంటుంది. కుడి చివరి సున్నా ఒక్కటే 1వ ప్రాంతానికి తలుపు తెరుస్తుంది. భారతదేశపు డిస్కులో అది 11101111. కుడి నుంచి అయిదో స్థానంలో సున్నా. ఏ నిషేధమూ లేని డిస్కులో 00000000. రెండు, నాలుగు ప్రాంతాలు రెండింటికీ కలిపి ఒకే డిస్కు వేయాలంటే రెండు సున్నాలు పెడితే చాలు. ఆస్ట్రేలియా, యూరప్‌లకు ఉమ్మడిగా వేసిన డిస్కులు అలాంటివే.

ఈ బైటు డిస్కులో రెండు చోట్ల ఉంటుంది. ఒకటి వీడియో-టీఎస్ అనే ఫోల్డర్‌లో మొట్టమొదట చదివే ఐఎఫ్‌ఓ ఫైలులో. సినిమా చూపించే సాఫ్ట్‌వేర్ దీన్ని చూస్తుంది. రెండోది డిస్కు లోపలి అంచున, ఫైళ్లు మొదలయ్యే చోటికి ముందున్న లీడ్-ఇన్ భాగంలో. ఈ భాగం మామూలుగా ఫైళ్లు తెరిచి చూస్తే కనిపించదు. డ్రైవుకు మాత్రమే తెలుస్తుంది. డ్రైవుకు సినిమా ఏమిటో, ఫైలు ఏమిటో పట్టదు కాబట్టి, దానికి అర్థమయ్యే చోట కూడా ఆ బైటు రాసిపెట్టారు.

డ్రైవు ఎందుకు ససేమిరా అంటుంది

మొదట్లో వచ్చిన కంప్యూటర్ డ్రైవులు ప్రాంతాన్ని పట్టించుకునేవి కావు. ఆ పని సాఫ్ట్‌వేర్‌దో, ఆపరేటింగ్ సిస్టమ్‌దో. ఈ రకాన్ని ఆర్‌పీసీ-1 అంటారు. సాఫ్ట్‌వేర్‌ను మార్చడం తేలిక కాబట్టి ఈ కాపలా నిలవలేదు. దాంతో 2000 జనవరి 1 నుంచి తయారయ్యే డ్రైవులన్నీ ఆర్‌పీసీ-2 పద్ధతిలోనే ఉండాలని నిబంధన పెట్టారు. ఇందులో ప్రాంతం నంబరు డ్రైవులోని చిప్‌లోనే ఉంటుంది. దాంతోపాటు ఒక లెక్క కూడా ఉంటుంది. వాడుకరి ప్రాంతాన్ని అయిదుసార్లు పెట్టుకోవచ్చు. ప్రతిసారీ ఆ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే చివరగా పెట్టిన ప్రాంతమే ఖాయం. ఆ తర్వాత ఈ లెక్కను మళ్లీ మొదటికి తెచ్చే వీలు తయారీదారుకు మాత్రమే ఉంటుంది, అదీ నాలుగుసార్లే.

విండోస్ మళ్లీ ఎక్కించినా, హార్డ్ డిస్క్ మార్చినా, డ్రైవును ఊడదీసి వేరే కంప్యూటర్‌లో బిగించినా ఈ అంకె మారదు. అది డ్రైవుకు సంబంధించినదే తప్ప కంప్యూటర్‌కు సంబంధించినది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత చెప్పబోయే ఉపాయాలన్నీ తేలిగ్గా బోధపడతాయి.

డ్రైవుకు ఇంత అధికారం ఎలా వచ్చిందో చూడాలంటే సీఎస్‌ఎస్ అనే తాళం గురించి చెప్పుకోవాలి. మత్సుషిత, తోషిబా సంస్థలు రూపొందించిన ఈ పద్ధతిలో సినిమా డేటాను కలగాపులగం చేసి అచ్చువేస్తారు. దాన్ని తిరిగి సరిచేయాలంటే 40 బిట్ల పొడవున్న కీలు కావాలి. లైసెన్సు ఉన్న ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కు తనదైన ఒక కీ ఉంటుంది. దానితో డిస్కు కీ తెరుచుకుంటుంది. డిస్కు కీతో ఆ సినిమాకు సంబంధించిన టైటిల్ కీ తెరుచుకుంటుంది. టైటిల్ కీతో బొమ్మ.

ఈ కీలు డ్రైవు చేతుల మీదుగానే రావాలి. మొదట సాఫ్ట్‌వేర్, డ్రైవు ఒకదానికొకటి కొన్ని అంకెలు పంపుకుని, రెండూ లైసెన్సు ఉన్నవేనని నిర్ధారించుకుంటాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ టైటిల్ కీ అడుగుతుంది. ఆర్‌పీసీ-2 డ్రైవు అప్పుడు లీడ్-ఇన్‌లోని బైటును తన చిప్‌లోని ప్రాంతంతో పోల్చి చూస్తుంది. కలిస్తే కీ ఇస్తుంది. కలవకపోతే ప్రాంతాలు పొసగడం లేదన్న సమాధానం పంపి ఊరుకుంటుంది. గుంటలు చదవడంలో అది ఎక్కడా తడబడలేదు. కీ ఇవ్వకుండా బిగబట్టింది, అంతే. అందుకే సీఎస్‌ఎస్ తాళం లేని డిస్కుల విషయంలో డ్రైవు అడ్డుకోవడానికి ఏమీ ఉండదు. మీరే రాసుకున్న పెళ్లి వీడియో డీవీడీ ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆడేది ఇందువల్లే.

ఫైళ్లను హార్డ్ డిస్క్‌లోకి లాగేసి ఆడిద్దామనుకునేవారికి ఎదురయ్యేదీ ఇదే గోడ. సినిమా ఉండే వీఓబీ ఫైళ్లు కాపీ అయినట్టే కనిపించినా, కీ వాటితో రాదు. తెరిస్తే చిందరవందరగా రంగు గళ్లు కనిపిస్తాయి.

తాళం గుట్టు బయటపడిన తీరు

1999 అక్టోబరులో డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. సీఎస్‌ఎస్ తాళాన్ని అది తెరిచేసింది. దాని వెనకున్నవారిలో ఒకరైన, నార్వేకు చెందిన జాన్ లెక్ జొహాన్సెన్ వయసు అప్పటికి 15 ఏళ్లు. జింగ్ అనే సంస్థ తయారుచేసిన ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో కీని సరిగా దాచకపోవడం వాళ్లకు కలిసొచ్చింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారికి లైసెన్సు ఉన్న డీవీడీ ప్లేయర్ అప్పట్లో లేదు. కొన్న డిస్కును తమ కంప్యూటర్‌లో చూసే దారే వారికి లేకపోయింది. నార్వేలో జొహాన్సెన్‌పై కేసు పెట్టారు. 2003 జనవరిలో కింది కోర్టు, అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు ఆయన నిర్దోషి అని తేల్చాయి. తాను కొన్న సినిమాను చూడటానికి తాళం తీయడం నేరం కాదన్నది ఆ తీర్పుల సారం. అమెరికాలో మాత్రం 2000 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి లూయిస్ కప్లన్ ఆ ప్రోగ్రామ్‌ను పంచిపెట్టడాన్ని నిషేధించారు.

డీసీఎస్‌ఎస్ వచ్చిన వెంటనే మరో సంగతి తేలింది. 40 బిట్ల కీ అంటే దాదాపు లక్షా పది వేల కోట్ల అవకాశాలు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించాల్సిన అవసరమే లేదని ఫ్రాంక్ స్టీవెన్సన్ అనే ప్రోగ్రామర్ 1999లోనే చూపించారు. సీఎస్‌ఎస్ లెక్క నిర్మాణంలోనే లోపముంది. అసలు డేటాలో కొన్ని బైట్లు ఏమై ఉంటాయో ముందే తెలిస్తే, సుమారు 65 వేల ప్రయత్నాల్లో కీ దొరికిపోతుంది. ఆనాటి ఇంటి కంప్యూటర్‌కు కూడా అది క్షణాల పని.

ఈనాటి వీఎల్‌సీ ప్లేయర్ పరాయి ప్రాంతపు డిస్కును చాలాసార్లు ఆడించగలగడం వెనక ఉన్నది ఈ లోపమే. పారిస్‌లోని ఎకోల్ సెంట్రల్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి పుట్టి, 2001 ఫిబ్రవరిలో అందరూ వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారిన ప్లేయర్ ఇది. అందులో లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్ అనే భాగం ఉంటుంది. డ్రైవు కీ ఇవ్వనంటే అది పేచీ పెట్టుకోదు. డిస్కులోని కలగాపులగం డేటానే చదివి, వీడియోలో పదేపదే తిరిగొచ్చే బైట్ల వరుసలను ఆసరా చేసుకుని, కీ ఏమై ఉంటుందో తానే లెక్క కట్టుకుంటుంది. అందుకే అలాంటి డిస్కు పెట్టినప్పుడు వీఎల్‌సీ మొదట కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగుతుంది. కొన్ని డ్రైవులు ఇంకా మొండివి. ప్రాంతం కలవకపోతే కలగాపులగం డేటాను కూడా చదవనివ్వవు. వాటి దగ్గర వీఎల్‌సీ కూడా చేతులెత్తేస్తుంది.

ఇంట్లో ఏ వరుసలో ప్రయత్నించాలి

ముందుగా డిస్కు కవరు వెనక చూడండి. చిన్న భూగోళం బొమ్మ మధ్యలో అంకె ఉంటుంది. అదే ప్రాంతం. 5 ఉన్నా, అన్ని ప్రాంతాలకూ అని రాసి ఉన్నా సినిమా ఆడకపోతే కారణం వేరే. విండోస్ 8 నుంచి కంప్యూటర్‌తోపాటు వచ్చే మీడియా ప్లేయర్‌కు డీవీడీ సినిమాలు ఆడించే సామర్థ్యం తీసేశారు. అలాంటప్పుడు కావలసింది ఒక ప్లేయర్ సాఫ్ట్‌వేర్ మాత్రమే.

తర్వాత డ్రైవు సంగతి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డీవీడీ డ్రైవు పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీవీడీ రీజియన్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. దేశాల జాబితా, ప్రస్తుత ప్రాంతం, ఇంకా ఎన్ని మార్పులు మిగిలాయన్న అంకె కనిపిస్తాయి. చూసి బయటికి రండి. దేశం పేరు ఎంచుకుని ఓకే నొక్కితే ఒక మార్పు ఖర్చయినట్టే. హడావిడిగా అమెరికా డిస్కు కోసం ఒకసారి, తిరిగి మన డిస్కు కోసం ఒకసారి మార్చుకుంటూ పోతే రెండు మూడు సినిమాలకే అయిదూ అయిపోతాయి. మ్యాక్‌లో ఈ లెక్కను వెతుక్కోనక్కర్లేదు. పరాయి డిస్కు పెట్టగానే అదే చూపించి మార్చమంటారా అని అడుగుతుంది. అక్కడా అదే జాగ్రత్త అవసరం.

మార్పు జోలికి పోకముందు వీఎల్‌సీతో ప్రయత్నించడం మంచిది. అది ఆడిస్తే డ్రైవు లెక్క చెక్కుచెదరదు. లైనక్స్‌లో అయితే వీఎల్‌సీతోపాటు లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్‌ను చాలా పంపిణీల్లో విడిగా ఎక్కించుకోవాల్సి వస్తుంది.

అలా కుదరకపోతే నికరమైన దారి రెండో డ్రైవు. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి తీసుకుని, దాన్ని 1వ ప్రాంతానికి పెట్టి అలాగే ఉంచేయండి. లోపలి డ్రైవు 5లోనే ఉంటుంది. ప్రాంతం డ్రైవుదే కానీ కంప్యూటర్‌ది కాదు కాబట్టి ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రాంతాలూ ఏ గొడవా లేకుండా కలిసి ఉంటాయి. ఈ పద్ధతిలో ఏ తాళమూ పగలగొట్టడం లేదు, ఏ నిబంధనా మీరడం లేదు. ప్రాంతం పెట్టేటప్పుడు ఆ ప్రాంతపు డిస్కు డ్రైవులో ఉంచండి. చాలా డ్రైవులు దాన్ని చూస్తేనే ఒప్పుకుంటాయి. పెట్టాక డ్రైవు మీద ప్రాంతం నంబరు రాసిన చీటీ ఒకటి అంటించండి. ఇంట్లో మరొకరు తెలియక మార్చకుండా ఉంటారు.

పై చదువులకో ఉద్యోగానికో దేశం మారి అక్కడే స్థిరపడేవారికి మాత్రం ఉన్న డ్రైవును ఒకసారి అక్కడి ప్రాంతానికి మార్చుకోవడమే తేలిక. ఆ అయిదు అవకాశాలు పెట్టింది అలాంటి అవసరాలకే. డ్రైవులోని ఫర్మ్‌వేర్‌ను మార్చి ప్రాంతం లెక్కనే తీసేసే ప్రోగ్రాములు కూడా తిరుగుతుంటాయి. ఆ మోడల్‌కు సరిపోనిది ఎక్కితే డ్రైవు మళ్లీ లేవదు. ఇంకో డ్రైవు కొంటే తీరే సమస్యకు ఆ సాహసం అక్కర్లేదు.

బ్లూరే సంగతి కొంత వేరు. దానికి ఎ, బి, సి అని మూడే ప్రాంతాలు. మన దేశం సి. అక్కడ కాపలా ఎక్కువగా ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌దే. 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరేకు అసలు ప్రాంతాలే లేవు.

చట్టం ఏమంటుంది

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఇందులో కీలకమైన మాట ‘ఉద్దేశం’. చట్టం ప్రత్యేకంగా నిషేధించని పని కోసం చేస్తే ఈ సెక్షన్ వర్తించదని అందులోనే ఉంది. డిస్కును కాపీ చేసి పంచడం, అమ్మడం, అద్దెకివ్వడం పూర్తిగా వేరే వ్యవహారం. అమెరికా నుంచి తెప్పించిన 1వ ప్రాంతపు డీవీడీలను ఇక్కడ అద్దెకివ్వడం చెల్లదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం చాలా కఠినం. తాళం తీయడమే తప్పంటుంది. ఆస్ట్రేలియా 2006లో, న్యూజీలాండ్ 2008లో తమ చట్టాలను సవరించినప్పుడు, మార్కెట్లను దేశాల వారీగా విడగొట్టడానికి పెట్టిన అడ్డంకులకు ఈ రక్షణ వర్తించదని స్పష్టంగా రాసుకున్నాయి. సినిమా తీసినవారి హక్కు ఒకటి, ఏ దేశంలో ఎంతకు అమ్మాలన్న వ్యాపార ఏర్పాటు ఒకటి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని గుర్తించిన చట్టాలవి. మన చట్టంలోనూ అంత స్పష్టత రావాలి.

ఇప్పుడు సినిమాలన్నీ ఓటీటీలో దొరుకుతుంటే ఈ పాత డిస్కుల గొడవ ఎందుకని అనిపించవచ్చు. ఓటీటీలో ఈరోజు ఉన్న సినిమా హక్కుల గడువు తీరగానే రేపు మాయమవుతుంది. ఇవాళ్టికీ చాలా మంచి సినిమాలకు సరైన ప్రతి డిస్కు మీదే ఉంది. సత్యజిత్ రే తీసిన అపూ చిత్రత్రయాన్ని ఎంతో శ్రమించి పునరుద్ధరించాక, 2015లో అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ దాన్ని డిస్కులుగా తెచ్చింది. ఆ సంస్థ డీవీడీలు చాలావరకు 1వ ప్రాంతానివి, బ్లూరేలు ఎ ప్రాంతానివి. బెంగాల్‌లో తీసిన సినిమాకు అమెరికాలో వచ్చిన మేలైన ప్రతిని తెప్పించుకుంటే, భారతదేశంలోని డ్రైవు దాన్ని పరాయిదంటుంది.

థియేటర్‌కూ డీవీడీకీ మధ్య ఆర్నెల్ల వ్యవధిని కాపాడటానికి పుట్టిన ఏర్పాటు ఇది. ఆ ఫిల్మ్ ప్రింట్లు పోయాయి, ఆ వ్యవధీ పోయింది. కొత్త సినిమా ఒకేరోజు ప్రపంచమంతా విడుదలవుతోంది. కారణం పోయినా కాపలా మాత్రం మన డ్రైవుల్లో మిగిలిపోయింది. పైగా డీవీడీ డ్రైవులున్న కంప్యూటర్లే తగ్గిపోతున్నాయి కాబట్టి, ఇంట్లో పనిచేస్తున్న డ్రైవు ఒక్కటి ఉన్నా దాని మార్పుల లెక్కను పొదుపుగా వాడుకోవాలి. సినిమాకు వెల చెల్లించిన మనిషికి దాన్ని ఏ ఊళ్లో కూర్చుని అయినా చూసే హక్కు ఉండాలి. ఆ హక్కును కాపాడుకోవడానికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. కవరు మీది అంకె, డ్రైవులోని అంకె చూసుకుని, ఒకటి కాకపోతే రెండో డ్రైవు పెట్టుకునేంత ఓపిక ఉంటే చాలు.